చీపురుతో ఎక్కవచ్చు, బైబిలుతో ఎక్కకూడదు

మా మేనత్త కరుణమ్మ చేత ఆదివారం ఆరాధనలో అందరి ముందూ క్షమాపణ చెప్పిస్తారని ఫోన్లో విన్నాక నేను గుడివాడలో కూర్చోలేకపోయాను. ఆవిడకు డెబ్బై దాటాయి. అంగన్వాడీలో ఆయాగా చేసి రిటైరైంది. దివిసీమలో నాగాయలంక అవతల ఒక చిన్న ఊళ్లో ఒంటరిగా ఉంటుంది.

ఆవిడ చేసిన నేరం ఇది. మంచాన పడ్డ స్నేహితురాలు దీనమ్మ, పోయేలోగా ఒక్కసారి ప్రభువు బల్ల తీసుకోవాలని అడిగింది. బల్ల అంటే క్రీస్తు శరీరానికి, రక్తానికి గుర్తుగా మందిరంలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం. పాస్టరు గారు బందరు నుంచి నెలకోసారి వస్తారు. అప్పటిదాకా దీనమ్మ ఆగేలా లేదు. సంఘపెద్ద ప్రకాశరావుకి కబురు పెడితే పెళ్లిపనుల మీద విజయవాడలో ఉన్నానన్నాడు. ఇక అత్తే రొట్టె విరిచి, ద్రాక్షరసంలో తడిపి, ప్రార్థన చేసి దీనమ్మ నోట్లో పెట్టింది. మర్నాడు దీనమ్మ కన్నుమూసింది. అంత్యక్రియలయ్యాక పెద్దమనుషులు కూర్చున్నారు. ఆడది బల్ల ఇవ్వడమేమిటి, క్షమాపణ చెప్పేదాకా కరుణమ్మకు బల్ల లేదు అని తేల్చారు.

శనివారం పొద్దున్నే గుడివాడ స్టేషన్లో బందరు రైలెక్కాను. గుడివాడ నుంచి దివిసీమకు పామర్రు మీదుగా బస్సులో వెళ్లడమే దగ్గర. కానీ ముందు బందరులో పాస్టరు గారిని కలిసి నాలుగు మాటలు అడగాలని నా పట్టుదల. మా అక్క కూతురు నిస్సీ కూడా ఈ సంగతి విని, నాతో అత్త దగ్గరికి రావడానికి రాజమండ్రి నుంచి అదే రైల్లో వస్తూ నాకు కిటికీ పక్క సీటు ఆపింది. చంకలో ఏడు నెలల బాబు.

నిస్సీని మోర్మన్లు అనే, అమెరికాలో పుట్టిన క్రైస్తవ శాఖ వాళ్ల ఇంట్లో ఇచ్చారు. వాళ్ల పద్ధతులు నాకు సరిగా తెలియవు.

"మీలో ఆడవాళ్లు మైకు ముందు మాట్లాడతారటగా?" అన్నాను, మా కంటే నయమే అనుకుంటూ.

"మాట్లాడతాం పిన్నీ. ప్రార్థన కూడా చేస్తాం. కానీ యాజకత్వం, అంటే దేవుడి పేరున ఇవన్నీ జరిపించే అధికారం, మగవాళ్లకే. మా బల్లలో రొట్టె, ద్రాక్షరసం బదులు నీళ్లు. అవి పంచేది మగపిల్లలు. మా మరిదికి మీసాలు కూడా రాలేదు, వాడు పంచుతాడు. మా అత్తగారు కూర్చుని తీసుకుంటారు."

కాసేపు బాబు తల నిమిరి, గొంతు తగ్గించి చెప్పింది. "వీడికి పేరు పెట్టే రోజు మగవాళ్లంతా గుండ్రంగా నిలబడి చేతుల మీద పట్టుకున్నారు. నేనూ పట్టుకుంటానని ముందే అడిగాను. నోరు తెరవను, ఊరికే పట్టుకుంటాను అన్నాను. మన పద్ధతిలో లేదమ్మా అన్నారు, మర్యాదగానే. వీడు ఏడుస్తుంటే ముందు వరసలో కూర్చుని చూశాను. ఇప్పుడు మేం కొంతమంది ఆడవాళ్లం కలిసి అడుగుతున్నాం. అమెరికాలో కూడా అడిగేవాళ్లు ఉన్నారంట."

"వదిలెయ్యొచ్చుగా ఆ సంఘాన్ని?"

"ఎందుకు వదలాలి? అది నాది కూడా కదా!"

ఎదురు సీటులో కలంకారీ బట్టల మూట పెట్టుకున్న పెద్దాయన అంతా వింటున్నాడు. "మీ మందిరాల్లోకి ఆడవాళ్లని రానివ్వరాండీ?" అని అడిగాడు పాపం, జాలిగా.

"రానిస్తారండీ. ఊడవడానికి" అన్నాను. నా కోపం ఆయన మీద చూపించానని వెంటనే నొచ్చుకున్నాను. ఆయన పెడనలో దిగిపోతూ బాబు బుగ్గ మీద వేలితో తట్టి వెళ్లాడు.

బందరులో దిగి ఇడ్లీ తిని, ఆటోలో పాస్టరు గారింటికి వెళ్లాం. ఆయన మంచివాడే. అదే నాకు మంట. కుర్చీలు వేయించారు, బాబుకి ఫ్యాను తిప్పి పెట్టారు.

"నాకేం అభ్యంతరం లేదమ్మా. కరుణమ్మ గారంటే నాకు గౌరవం. కానీ పెద్దలు ఒక మాట అనుకున్నాక నేను కాదంటే సంఘం రెండుగా చీలిపోద్ది" అన్నారు.

"ఆవిడ ఒక్కతే వంగితే సంఘం అతుక్కుంటుందాండీ?"

"రెండు ముక్కలు చెప్పేస్తే అయిపోద్ది కదమ్మా. క్రమం అనేది ఒకటి ఉంటుంది."

క్రమం! ఊపిరి పోయే మనిషి రొట్టెముక్క అడిగితే, అయ్యగారి టైంటేబుల్ చూసుకుని పొమ్మనే క్రమం. టీ ఇచ్చిన పాస్టరమ్మ గారు తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నారు. గేటు దాకా వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఆవిణ్ణి క్షమాపణ చెప్పొద్దనండి" అన్నారు. అంతే, వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయారు.

పదకొండు దాటాక అవనిగడ్డ బస్సు దొరికింది. కండక్టరు మా ఆధార్ కార్డులు చూసి ఆడవాళ్లకిచ్చే ఉచిత సున్నా టికెట్లు కొట్టాడు. వెనక సీటులో ఒకాయన "ఇప్పుడంతా ఆడాళ్ల రాజ్యమేగా" అని పక్కవాళ్ల కోసం నవ్వాడు. చల్లపల్లి దాటాక, మోపిదేవి దగ్గర సగం బస్సు దిగిపోయింది. పులిగడ్డ వంతెన మీద నిస్సీ బాబుని ఎత్తి కృష్ణ చూపించింది. నీళ్లు పలచగా, ఇసుకతిన్నెల మధ్య నుంచి వస్తున్నాయి. అవనిగడ్డలో భోజనం చేశాం. సాంబారు బాగుంది, కూరలు చప్పగా ఉన్నాయి. ఈ దారిన వెళ్లేవాళ్లు బస చేయాలంటే అవనిగడ్డలోనే చేయాలి, ముందుకు వెళ్తే లాడ్జీలు ఉండవు. అక్కణ్ణుంచి నాగాయలంకకు బస్సు, ఆ తర్వాత ఆటో. రోడ్డుకి ఒకవైపు వరి, రెండోవైపు రొయ్యల చెరువులు, వాటి మీద గిర్రున తిరుగుతూ నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల నురగ.

అత్త ఇంట్లో లేదు. మందిరంలో ఉందన్నారు.

వెళ్లేసరికి ఆవిడ వేదిక మీద మోకాళ్ల మీద కూర్చుని తడిగుడ్డతో గచ్చు తుడుస్తోంది. పాస్టరు గారు ప్రసంగించే బల్ల తుడిచింది, తెల్లగుడ్డ పరిచింది, ద్రాక్షరసం పోసే చిన్న గ్లాసులు కడిగి బోర్లించింది. ఆ గచ్చు ఎలా వచ్చిందో నాకు తెలుసు. ఊళ్లో ఆడవాళ్లు రోజూ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి దేవుడి డబ్బాలో వేశారు. ఆ బియ్యం అమ్మగా వచ్చిన సిమెంటు అది. శనివారం సాయంత్రం చీపురుతో ఆ వేదిక ఎక్కవచ్చు. ఆదివారం పొద్దున బైబిలుతో ఎక్కకూడదు.

"ఇంకా నువ్వెందుకు తుడుస్తున్నావత్తా? నీకు బల్ల లేదన్నారుగా!" అని అరిచాను.

"నాకు లేదన్నారు గానీ మందిరం ఏం చేసిందే? జారతావు, చెప్పులిప్పి ఆ పక్కన నిలబడు" అంది.

ఆ సాయంత్రం వంకాయలో పచ్చిరొయ్యలు వేసి వండింది. ఊరి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వసారాలో కూర్చున్నారు. నిస్సీ తన కథ చెప్తే అందరూ బాబుని తలా కాసేపు ఎత్తుకున్నారు. రేపేం చేద్దామని ఎవరూ గట్టిగా అనలేదు. అత్త మాత్రం, "నా మూలాన ఎవరూ గొడవపడొద్దు" అని పంపించేసింది.

ఆదివారం పది గంటలకు మందిరం నిండింది. మగవాళ్లకు కుర్చీలు, ఆడవాళ్లకు చాపలు. పాటలయ్యాయి, ప్రసంగం అయింది. ప్రకాశరావు మైకు తీసుకుని, "సోదరి కరుణమ్మ ముందుకొచ్చి సంఘాన్ని క్షమాపణ అడుగుద్ది" అన్నాడు.

అత్త లేచి వెళ్లి వేదిక కింద నిలబడింది. ప్రకాశరావు మైకు ఆవిడకు అందించలేదు. ఆవిడ గొంతు సన్నం, అయినా వినబడింది.

"దీనమ్మ అడిగింది, పెట్టాను. అంగన్వాడీలో ఇన్నేళ్లు పిల్లలకి అన్నం పెట్టినప్పుడు, నీ చెయ్యి పనికొస్తదా అని ఎవరూ అడగలేదు. తప్పని నాకు తోస్తే మీరు చెప్పమనక ముందే దేవుడి దగ్గర ఒప్పుకునేదాన్ని. నాకు తోచట్లేదు అయ్యగారూ. అబద్ధం క్షమాపణ ఈ మందిరంలో చెప్పలేను."

"అయితే నీకు బల్ల లేదు" అన్నాడు ప్రకాశరావు.

"సరే బాబూ" అని వచ్చి చాప మీద కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది.

పాస్టరు గారు తలెత్తకుండా రొట్టె విరిచారు. మగవాళ్లు వరసగా వెళ్లి తీసుకున్నారు. ఆడవాళ్ల వంతు వచ్చింది. ఒక్కరూ లేవలేదు. పాస్టరు గారు మళ్లీ పిలిచారు. ఒక చిన్న వయసు పిల్లతల్లి మాత్రం భర్త చూపు పడి లేచింది, తీసుకుంది, వెనక్కి వస్తూ ఏడ్చేసింది. అత్త ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, "తీసుకుంటే మంచిదేనే, ఏడవకు" అంది. ప్రకాశరావు భార్య సుగుణ ముందు వరసలోనే ఉంది. ఆయన ఆమె వైపే చూస్తున్నాడు. ఆమె కొంగు సర్దుకుని కళ్లు మూసుకుంది, కదల్లేదు.

అప్పుడు దీనమ్మ కొడుకు యేసుదాసు ముందుకొచ్చాడు. రొయ్యల చెరువుల మీద కాపలా ఉండే మనిషి, చెరువు కాడి నుంచి ఆలస్యంగా వచ్చి అప్పటిదాకా వెనకే నిలబడ్డాడు. "అయ్యగారూ, ఒకటి చెప్పండి. మా అమ్మ తీసుకుంది బల్లా, కాదా?" అని అడిగాడు.

పాస్టరు గారు పుస్తకం మూశారు. "కమిటీలో పెట్టి చెప్తాను" అన్నారు.

కమిటీ! అందులో ఉన్నవాళ్లంతా మగవాళ్లే. చచ్చిపోయిన తల్లి నోట్లో పడింది దేవుడి రొట్టో, వట్టి రొట్టో, వాళ్లు చేతులెత్తి తేలుస్తారన్నమాట. ఆ క్షణాన నాకు ప్రకాశరావు మీద కన్నా ఆ మెత్తటి మనిషి మీదే ఎక్కువ కోపం వచ్చింది. ప్రకాశరావుకి తను ఏం నమ్ముతున్నాడో తెలుసు. ఈయనకి నిజం తెలిసి కూడా నోరు రాలేదు.

ప్రతి నెలా ఆయనకు భోజనం పెట్టేది స్త్రీల సమాజమే. ఆ రోజు ఎవరూ పొయ్యి వెలిగించలేదు. ఆయన అవనిగడ్డ హోటల్లో తింటానని బండెక్కారు. యేసుదాసు అత్త దగ్గరికి వచ్చి, "బుధవారం ప్రార్థన ఇక మందిరంలో వద్దు, మా వసారాలో పెట్టుకోండి పెద్దమ్మా. అమ్మ మంచం తీసేస్తాను, అందరికీ జాగా సరిపోద్ది" అన్నాడు. అత్త సరేనంది. ఆ తర్వాత, చెప్తే నమ్మరు, చాపలు చుట్టి మందిరం ఊడ్చే ఇంటికొచ్చింది.

మధ్యాహ్నం అవనిగడ్డలో గుడివాడ బస్సెక్కాం. ఈసారి దగ్గరి దారే, చల్లపల్లి, మొవ్వ, పామర్రు మీదుగా. కూచిపూడిలో జడగంటలు పెట్టుకుని, కాళ్లకు పారాణితో ఐదారుగురు ఆడపిల్లలు ఎక్కారు. ఎక్కడో ప్రోగ్రాము ఉందట. వాళ్లలో ఒకమ్మాయి తల్లి నిస్సీ పక్కన కూర్చుని, "మా తాతల కాలంలో ఆడపిల్ల గజ్జె కట్టేది కాదండీ. ఆడవేషం కూడా మగాళ్లే కట్టేవోరు. అది సంప్రదాయం అనేవోరంట" అంది.

"మరి ఎవరు ఒప్పుకున్నారండీ?" అంది నిస్సీ.

"ఒప్పుకోవడమేంటండీ, ఇప్పుడు ఆడపిల్లలు లేకపోతే ఆటే లేదుగా!" అని ఆవిడ నవ్వింది.

నిస్సీ నవ్వలేదు. బాబుకి పాలు పట్టడానికి చీరకొంగు కప్పుకుని కిటికీ వైపు తిరిగింది. నేను నా కోపాన్ని అలాగే గుడివాడ దాకా తెచ్చుకున్నాను. చల్లార్చుకోవాలని అనిపించలేదు. ఆ ఊళ్లో ఇంకా ఎవరూ ఏదీ గెలవలేదు. అత్తకు ఇప్పటికీ బల్ల లేదు. ఎవరైనా దివిసీమ వెళ్తే నాగాయలంక దాటి ఆ ఊరికి వెళ్లండి, బుధవారం సాయంత్రం అయితే మంచిది. మందిరం తలుపులు వేసి ఉంటాయి. నాలుగు ఇళ్లవతల యేసుదాసు వసారాలో పాట వినిపిస్తుంది. చెప్పులు విడిచి లోపలికి వెళ్లండి, ఎక్కడ కూర్చోవాలో అక్కడ ఎవరూ చెప్పరు.