మూడో అంతస్తులో పాఠం

లాండ్రీ కౌంటర్లో కూర్చునే అమ్మాయి చొక్కాలకు నంబరు చీటీలు గుచ్చుతూ స్పానిష్ మాటలు గొణుక్కుంటుంది. ఆ భాష వస్తే పెద్ద హోటల్లో ఉద్యోగం ఖాయమని ఎవరో చెప్పారు. ఉచితమన్న యాప్ నాలుగు పాఠాలు కాగానే డబ్బులడిగింది. పాత పుస్తకాల కొట్లో దొరికినదాంట్లో సగం పేజీలు లేవు. వీడియోల్లో ఒకాయన ఒకలా, ఇంకొకావిడ ఇంకోలా పలికారు. చివరికి లాండ్రీ ఉన్న భవనంలోనే మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే స్పానిష్ మామ్మ దొరికింది. పైసా ఖర్చు లేదు, తప్పు నేర్పుతుందన్న బెంగా లేదు. ఇక మామ్మ బట్టలు పైకి చేరవేసే పని తనే పట్టేసుకుంది. "ఏమ్మా, ఒక్క దిండు గలీబు ఇచ్చి రావడానికి అంతసేపా?" అని ఇస్త్రీ మామయ్య వేళాకోళమాడతాడు. మామ్మ మోకాళ్ల నొప్పుల గురించి చెబుతుంటే కొత్త మాటలు దొరికినంతసేపూ వింటుంది, పాతవే మళ్లీ వస్తే పనుందంటూ లేచిపోతుంది.

ఈరోజు వెళ్లేసరికి తలుపు తీసే ఉంది. మామ్మ అటు తిరిగి, ఫోన్లో చెల్లెలితో స్పానిష్‌లో మాట్లాడుతోంది. "నాకేం దిగుల్లేదే. కింద లాండ్రీ పిల్ల లేదూ, నాతో కబుర్లు చెప్పడానికి పాపం మన భాష నేర్చుకుంటోంది." నేర్పింది ఆవిడే కనుక ప్రతి మాటా అర్థమైంది. అమ్మాయికి తల కొట్టేసినట్లయింది. చప్పుడు చేయకుండా వెనక్కి తిరగబోతుంటే మామ్మ చూసి ఫోను పెట్టేసింది.

"అయ్యో, విన్నావా తల్లీ? అర్థమైందా?"

"లేదు మామ్మా, ఒక్క ముక్కా అర్థం కాలేదు," అంది అమ్మాయి స్పానిష్‌లోనే, ఎక్కడా తడబడకుండా.

మామ్మ మురిసిపోయి చప్పట్లు కొట్టింది.