ఆఖరున నడిచే అక్క

ఆఫీసు అద్దాల్లోంచి ఖాజాగూడ గుట్టలు కనిపించినప్పుడల్లా మా యూనివర్సిటీ ట్రెక్కింగ్ క్లబ్ అక్క గుర్తొస్తుంది. ఎవరూ వెనకబడకుండా చూడ్డానికి ఆమె ఎప్పుడూ అందరికంటే చివర నడిచేది. తోడుగా నడుద్దామని నేను ఆగితే తనూ ఆగిపోయేది.

"నువ్వు నడువు, ఎనుక నేనున్న," అనేది.

బస్సు కూడా చివరే ఎక్కేది. ఆమె ఎక్కితే అందరూ ఎక్కినట్టే లెక్క. ఆమె ఎక్కిందో లేదో చూసే పని మాత్రం ఎవరికీ లేదు.

ఓ ఆదివారం బస్సు చాలా దూరం వచ్చాక ఆమె ఫోన్ చేసింది. ఎవరో మరిచిపోయిన నీళ్ల సీసా కోసం మళ్లీ గుట్టెక్కిందట.

"బస్సు వెనక్కి తిప్పిస్తానక్కా," అన్నాను.

"మిగిలినోళ్లంత ఎక్కిన్రా?"

"ఎక్కారు."



"ఇగ పోండ్రి. ఎనుక నేనున్న."