ఆదివారం డ్రెస్సింగ్

నా రెండో కీమో రోజున ఇద్దరు నర్సులు మార్చి మార్చి గుచ్చినా నరం దొరకలేదు. కుడివైపు రొమ్ముకు ఆపరేషన్ అయింది కాబట్టి ఆ చేతికి సూది వేయకూడదు. మిగిలింది ఎడమ చెయ్యి ఒక్కటే. మొదటి కీమోకే అందులో నరాలు నల్లబడి తాళ్లలా బిగిసిపోయాయి. చివరికి మణికట్టు దగ్గర ఎలాగో దొరికిందనుకుని మందు ఎక్కించడం మొదలుపెట్టారు. కాసేపటికే నిప్పు పెట్టినట్టు మంట పుట్టి చెయ్యి ఉబ్బిపోయింది. మందు నరంలోకి కాకుండా కండలోకి పోతోందని చూసి వెంటనే ఆపేశారు. ఆ రోజు కీమో ఆగిపోయింది.

ఆ ఆసుపత్రి రాజమండ్రిలో ఉంది. మాది పి.గన్నవరం దిగువన, గోదావరి పాయల మధ్య ఒక లంక. మా ఆయన కౌలుకు తీసుకుని అరటి వేస్తారు. నేను పాయ మీది కాజ్‌వే దాటి అవతల ఏటిగట్టు మీదున్న ఊళ్లో అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్నాను. మందులూ ఆపరేషనూ ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద జరిగిపోతున్నాయి కదా అని అప్పటిదాకా కొంత ధైర్యంగానే ఉన్నాం.

డాక్టరుగారు నా చెయ్యి చూసి, మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

“ఇక ఈ చేతి నరాలతో మిగతా కీమోలు అవ్వవమ్మా. లైను పెట్టాలి. మందులు, బెడ్డు కార్డులో వస్తాయి గాని ఈ లైను రాదు. దాని ఖర్చు మీరే పెట్టుకోవాలి. ఎంతవుతుందో ఉన్నదున్నట్టు చెబుతాను, ఆలోచించుకోండి” అన్నారు.

ఒక పద్ధతిలో మెడ కింద ఎముక దగ్గర, చర్మం లోపల చిన్న డబ్బీలాంటిది అమరుస్తారట. దాన్ని పోర్టు అంటారు. పైకి ఏమీ కనిపించదు, స్నానానికి ఇబ్బంది ఉండదు, నెలకోసారి శుభ్రం చేస్తే చాలు. అన్నీ కలిపి ముప్పై అయిదు వేల దాకా అవుతుంది. రెండో పద్ధతిలో మోచేతి పైనుంచి సన్నటి గొట్టాన్ని నరంలోకి ఎక్కించి గుండె దగ్గర దాకా పంపిస్తారు. దాని పేరు పిక్ లైను. పోర్టుకయ్యే ఖర్చులో మూడో వంతుకే అయిపోతుంది.

“కాకపోతే దీని కొస బయట ఉంటుంది. వారం వారం వచ్చి లైను కడిగించుకోవాలి, కట్టు మార్పించుకోవాలి. చవక అని పెట్టించుకుని తర్వాత రాకపోతే ఇన్ఫెక్షన్ వస్తుంది. ఆ రాకపోకల ఖర్చు కూడా ఇప్పుడే లెక్కలో వేసుకోండి” అన్నారు డాక్టరుగారు.

ఆ మాట ఆయన చెప్పకపోతే మాకు తట్టేది కాదు. ఆ తర్వాతి ఖర్చును ముందే చెప్పినందుకు ఆయనంటే ఇప్పటికీ నాకు గౌరవం.

బస్సులో తిరిగి వస్తూ మా ఆయన వేళ్ల మీద లెక్కపెట్టారు. ప్రతి వారం ఆటోలు, బస్సులు, కట్టు సామాను, ఆసుపత్రి చార్జీ, తోటలో తను లేని రోజున పెట్టాల్సిన కూలి.

“చివరికి రెండూ ఒకటే అవుతున్నాయే. పోర్టే పెట్టించేద్దాం. వచ్చే ఏడు కౌలు వదిలేస్తాను” అన్నారు.

“కౌలు వదిలేసి ఏం తింటామండీ?” అన్నాను.

ఆయన మళ్లీ మొదటి వేలి నుంచి లెక్క మొదలుపెట్టారు. నేను మాత్రం రెండూ వద్దనుకున్నాను. అదే చేతికి ఎలాగోలా గుచ్చమని బతిమాలుకుందామనుకున్నాను. భయంలో మనిషి ఎంత తెలివితక్కువగా ఆలోచిస్తుందో అప్పుడు తెలియలేదు.

మరునాడు సెలవు చీటీ ఇవ్వడానికి అంగన్‌వాడీ సెంటరుకు వెళ్లాను. పక్కింట్లో ఒక నర్సమ్మగారు ఉంటారు. కాకినాడలో పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా రిటైరయి సొంతూరు వచ్చేశారు. వాళ్ల నాన్నగారు మా లంక పొలాల్లో కూలికి వచ్చేవారట. వాళ్ల పేటలో ఉద్యోగం చేసిన మొదటి ఆడపిల్ల ఆవిడే. ఒంటరి మనిషి. ఎండాకాలం మా సెంటరు పిల్లలకి కుండలో చల్లటి నీళ్లు పంపించేవారు. అంతకుమించి మా మధ్య పెద్ద పరిచయం లేదు.

అరుగు మీద నుంచి ఆవిడ నా చెయ్యి చూశారు.

“ఇదేంటమ్మాయ్, చెయ్యి ఇలా అయిపోయింది? ఇలా రా, కూర్చో.”

కూర్చున్నాను. అడిగినవాళ్లకల్లా చెప్పి చెప్పి విసిగిపోయి ఉన్నా, ఆవిడ చెయ్యి పట్టుకున్న తీరుకి మొత్తం చెప్పేశాను. పోర్టు, పిక్ లైను, కౌలు, అన్నీ.

“అయితే, వారం వారం రాజమండ్రి వెళ్లేది లైను కడిగి కట్టు మార్చడానికేనా?” అన్నారు చివరికి.

“ఆయ్, అందుకేనండి.”

“మరి దానికి నేను లేనా?”

నేను తలెత్తి చూశాను. ఆవిడే మళ్లీ అన్నారు. “అలాగని నాకొచ్చని చెప్పను. నేను చేసే రోజుల్లో మా వార్డులో ఈ లైన్లు లేవు. చేత్తో ముట్టుకోలేదెప్పుడూ. నీకు వేసే రోజున నన్నూ తీసుకెళ్లండి. వాళ్లు నేర్పితే నేర్చుకుంటాను. నేను సరిగ్గా చేస్తున్నానని వాళ్లంటేనే చేస్తాను. లేకపోతే లేదు.”

ఇంటికొచ్చి చెబితే మా ఆయన నమ్మలేదు. సాయంత్రం తనే కాజ్‌వే దాటి వెళ్లి ఆవిణ్ణి అడిగి వచ్చారు. “నిజమేనే” అన్నారు గుమ్మంలో చెప్పులు విప్పుతూ. ఆ మొహంలో వెలుగు చూసి చాలా రోజులైంది.

వాపు తగ్గాక లైను వేశారు. నేను భయపడినంత ఏమీ లేదు. చెయ్యి మొద్దుబారడానికి ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. స్కానింగ్ తెర మీద నరాన్ని చూసుకుంటూ డాక్టరుగారు గొట్టాన్ని మెల్లగా లోపలికి పంపించారు. తర్వాత ఎక్స్‌రే తీసి లోపలి కొస సరైన చోటే ఉందన్నారు. ఆ రోజే ఆగిపోయిన కీమో ఎక్కించారు. వెతుకులాట లేదు, మంట లేదు. మందు ఎక్కుతోందని తెలియనైనా తెలియలేదు. నేను మంచం మీద ఊరికే ఏడ్చాను. బాధకి కాదు.

పక్క గదిలో నర్సమ్మగారికి పాఠం మొదలైంది. చెప్పే అమ్మాయికి పాతికేళ్లు కూడా ఉండవు. రబ్బరు చెయ్యి ఒకటి బల్ల మీద పెట్టి చూపించింది.

“కట్టు కింది నుంచి పైకి విప్పాలి అమ్మగారూ. పై నుంచి కిందికి లాగితే గొట్టం కూడా వచ్చేస్తుంది.”

“ఆయ్, అలాగేనండి.”

“పెద్ద సిరంజే వాడాలి. చిన్నదైతే ఒత్తిడికి లైను చిట్లిపోద్ది. సెలైను ఒకేసారి తొయ్యకూడదు. కొంచెం తోసి ఆగాలి, మళ్లీ తొయ్యాలి.”

“ఆయ్.”

“చేతులు మళ్లీ కడుక్కోండి. గ్లౌజు అంచు ముట్టుకున్నారు.”

నర్సమ్మగారు లేచి వెళ్లి మళ్లీ కడుక్కుని వచ్చారు. మనవరాలి వయసు పిల్లని ‘అండీ’ అంటూ, తప్పు చేసినప్పుడల్లా మొదటి నుంచి మొదలుపెడుతూ, మధ్యాహ్నం దాకా చేశారు. ఆఖరికి ఆ అమ్మాయి “చాలా బాగా పట్టేశారు అమ్మగారూ! ఇదివరకు ఎక్కడైనా ఆయాగా చేసేరా?” అని అడిగింది.

మా ఆయన ఉండబట్టలేక “ఆవిడ హెడ్ నర్సమ్మా” అనేశారు.

ఆ పిల్ల నాలుక కరుచుకుంది. “అయ్యో మేడమ్! ముందే చెప్పొచ్చు కదండీ.”

“చెబితే నువ్వు సగమే నేర్పుదువు” అని నవ్వారు నర్సమ్మగారు. ఆ అమ్మాయి తన ఫోను నంబరిచ్చి, ఏ సందేహం వచ్చినా ఎప్పుడైనా చెయ్యమంది. తర్వాత నిజంగానే ప్రతిసారీ ఎత్తింది.

అలా ఆదివారాలు మొదలయ్యాయి. నర్సమ్మగారు చర్చికి వెళ్లొచ్చి, తెల్లచీర మార్చకుండానే నా కోసం అరుగు మీద ఎదురుచూసేవారు. సామాను నేను అమలాపురం మందుల షాపులో కొని తెచ్చి ఆవిడ దగ్గరే ఉంచేదాన్ని. ముందు గది తలుపులు వేసి, ఫ్యాను ఆపేసి, నన్ను మొహం అటు తిప్పుకోమనేవారు. కట్టు విప్పాక కాసేపు కళ్లజోడు సర్దుకుని చూసి, “ఎర్రదనం లేదు. చీము లేదు. దేవునికి స్తోత్రం” అనేవారు. తర్వాత ఇద్దరం టీ తాగేవాళ్లం. జుట్టంతా ఊడిపోయాక నేను జనంలోకి వెళ్లడం మానేశాను. ఆ గదిలో మాత్రం తలగుడ్డ తీసి పక్కన పెట్టి కూర్చునేదాన్ని.

శ్రావణమాసం వస్తుండగా గోదావరికి వరద వచ్చింది. బ్యారేజీ దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారన్నారు. కాజ్‌వే మునిగిపోయింది. మా వాకిట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. మా ఆయనా పక్క రైతులూ పడవలేసుకుని, పక్వానికి రాని గెలలే కోసి తెస్తున్నారు. నన్ను మా పక్కవాళ్ల డాబా మీదికి ఎక్కించారు. ఆదివారం ఉదయం చూసుకుంటే ఉక్కపోతకి కట్టు అంచు లేచిపోయి ఉంది.

నర్సమ్మగారికి ఫోన్ చేసి, “రెండు రోజులాగి నీళ్లు తీశాక వస్తానండి” అన్నాను.

“అంచు లేచిందా?”

“కొంచెం లేచిందండి.”

“అయితే ఆగడానికి లేదమ్మాయ్. ఆ గొట్టం ఎక్కడిదాకా ఉందో తెలుసా? మీ ఆయన్ని పడవ తెమ్మను.”

ఆవిడకి నీళ్లంటే భయమని నాకు తెలుసు. పాయ దాటాల్సొస్తే చుట్టు తిరిగి వెళ్లే మనిషి. వద్దన్నా వినలేదు. డాబా మీద నుంచి చూస్తున్నాను. మా ఆయన గెడ వేస్తుంటే పడవ మధ్యలో, తెల్లచీర మీద నారింజ రంగు లైఫ్ జాకెట్ తొడుక్కుని, సామాను ఉన్న స్టీలు క్యారేజీని రెండు చేతులా ఒళ్లో పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుని ఉన్నారు. పెదాలు కదులుతున్నాయి. మెట్ల దగ్గర పడవ ఆగాక కూడా కాసేపు కళ్లు తెరవలేదు.

“వచ్చేశామండీ” అన్నారు మా ఆయన.

“నిజంగానా?” అంటూ కళ్లు తెరిచారు.

పైకి వచ్చాక ఆ భయమంతా ఏమైపోయిందో తెలియదు. పొయ్యి అడిగి నీళ్లు కాచుకున్నారు. డాబా మీది గదిలోంచి అందర్నీ పంపించేశారు. వెలుతురు చాలక టార్చి పట్టుకోమని మా ఆయన్ని మాత్రం ఉంచి, ఆయన మూతికి ఉతికిన తువ్వాలు కట్టించారు. మధ్యలో ఆయన ఏదో అనబోతే, “మాట్లాడకండి, తుంపర్లు పడతాయి” అని ఒక్క కసురు కసిరారు. పని పూర్తయ్యేదాకా మా ఆయన ఊపిరి కూడా సరిగ్గా పీల్చలేదు.

ఆ వారం జ్వరం రాలేదు, ఇన్ఫెక్షన్ రాలేదు. నీళ్లు తీశాక కీమో అనుకున్న రోజునే ఎక్కించారు.

ఆఖరి కీమో అయ్యాక లైను తీసేసేటప్పుడు నర్సమ్మగారు కూడా వచ్చారు. పాఠం చెప్పిన అమ్మాయే తీసింది. పట్టి లాగితే నొప్పి లేకుండా సర్రున వచ్చేసింది. అంత పొడుగ్గా ఉంటుందనుకోలేదు. ఇద్దరూ దాన్ని ఎత్తి పట్టుకుని కొస దాకా చూసుకున్నారు. “ఇన్ని నెలలున్నా ఎంత శుభ్రంగా ఉంచేరు మేడమ్!” అంది ఆ అమ్మాయి. నర్సమ్మగారు సిగ్గుపడ్డారు.

డబ్బులిస్తే తీసుకోరని తెలిసి, క్రిస్మస్‌కి ఒక చీర పట్టుకెళ్లాం. వద్దంటారేమోనని దారిలోనే వాదనలన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆవిడ విప్పి భుజం మీద వేసుకుని, అద్దంలో చూసుకుని, “అంచు బాగుందమ్మాయ్” అన్నారు. నా వాదనలన్నీ అలాగే ఉండిపోయాయి. మా ఆయన అరటి గెల ఒకటి అరుగు మీద దించి వచ్చారు.

ఈమధ్య కొత్తపేట నుంచి ఒకామె ఆసుపత్రిలో నా నంబరు తీసుకుని ఫోన్ చేసింది. తనకూ లైను పెట్టాలన్నారట, ఏది పెట్టించుకోమంటారని అడిగింది. మా డాక్టరుగారు చెప్పినట్టే రెండు ఖర్చులూ, తర్వాతి ఖర్చులూ చెప్పాను. “వారం వారం చేసేవాళ్లు మాకెవరూ లేరండి” అంది.

నేను నర్సమ్మగారిని అడిగాను. ఆవిడకిప్పుడు కళ్లు అంత బాగా కనబడటం లేదు.

“నేను చెయ్యనులే” అన్నారు. “వాళ్లూరిలో నర్సింగు చదివిన పిల్ల ఎవరైనా ఉందేమో కనుక్కో. ఉంటే ఇక్కడికి పంపించు. నేర్పుతాను.”

కొత్తపేట ఆమె ఒక అమ్మాయిని వెతికి పట్టుకుంది. ఆ పిల్ల వచ్చే వారం వస్తోంది.