సున్నం బొట్టు చెరిగిన రాయి

నాభి అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. ఎక్కడో ఉత్తరాది చలికొండల మీద నీలం పూలు పూసే మొక్కట. ఆ పువ్వు నేనెన్నడూ చూడలేదు. మాకు వచ్చేది ఎండిన దుంపే, మిర్యాలగూడ మూలికల దుకాణం నుంచి. మా అత్తకు మోకాళ్లు పట్టేసి, కూర్చుంటే లేవలేకపోయేది. దుంపను మూడు రోజులు ఆవు పంచితంలో నానబెట్టి, రాయి మీద అరగదీసి మోకాళ్లకు పట్టించేది.

విషం కదా, దానికి వేరే రాయి. నా చంటికొడుక్కు కడుపు నొప్పికి కరక్కాయ అరగదీసే రాయి వేరు. రెండూ పగిలిన ఒక్క తిరగలి ముక్కలే. గుర్తుకని నాభి రాయికి సున్నం బొట్టు పెట్టి, కొట్టం గోడలో దాచేది.

"దీన్ని ఇంట్లకు తెచ్చినవంటే నీ చేతులిరుగుతయ్," అనేది నాతో.

రజాకార్ల భయానికి ఊరు ఖాళీ అయిన ఏడు, మేమూ కోదాడలో ఆడబిడ్డ ఇంటికి బండి కట్టాం. తొందరలో అత్తే రెండు రాళ్లనూ ఒకే మూటలో వేసింది.

"అదెందుకత్తా?" అన్నాను.

"నువ్వు మోస్తవా నన్ను? గాడ నా మోకాళ్లు ఊకుంటయా?"

దారి పొడవునా వాన.

మర్నాడు పొద్దున పిల్లవాడు కడుపు నొప్పితో గుక్కపట్టాడు. మూట విప్పాను. రెండు రాళ్లు. ఒక్కదాని మీదా బొట్టు లేదు. అత్త బావి దగ్గరుంది. అడగబోయి ఆగాను. 'గింత కూడ తెల్వదా, మీ అమ్మ ఏం నేర్పిందే' అంటుందని. పిల్లవాడిది ఇదేనని నున్నగా ఉన్న రాయి తీసుకుని, కరక్కాయ అరగదీసి, చనుబాలలో కలిపి వాడి నాలుకకు రాశాను.

ఏడుపు ఆగింది. నొప్పి తగ్గిందనుకున్నాను. కాసేపటికి చొంగ కారింది. పాదాలు పట్టుకుంటే చల్లగా తగిలాయి. నా కేకకు అత్త వచ్చి, రాళ్లను చూసి, నా వేలు తన నాలుకకు ఆనించుకుంది.

"తిమ్మిరెక్కుతుందే," అంది. "ఏ రాయి మీద తీసినవే బిడ్డా!"

సూర్యాపేట దవాఖానకని బండి పూన్చారు. ఎడ్లు వాకిలి దాటకముందే నా ఒడిలో వాడు పోయాడు.

"మందు ఎవరు పోశారమ్మా?" అని ఆడబిడ్డ ఏడుస్తూ అడిగింది.

"నేనే," అంది అత్త. "నా చేత్తోనే."

నేను నా వేలిని కొంగులో దాచుకున్నాను.

అత్త మళ్లీ నాభి ముట్టలేదు. బతికినన్నాళ్లూ నేల మీద చేతులాన్చి, పాక్కుంటూ గడప దాటేది. నేను చెయ్యి అందిస్తే మాత్రం పట్టుకునేది.