నూట పదిహేను మీదికి జరిగిన ఎర్ర మీట

కొత్త పవర్ సప్లై తొమ్మిదింటికే ఇంటికి చేరినా, పన్నెండు దాటేదాకా అనార్‌కుల్ దాన్ని కంప్యూటర్ దగ్గరికి రానివ్వలేదు. రాజధాని బిష్కెక్ నుంచి రాత్రంతా వ్యాను డిక్కీలో, గడ్డకట్టే చలిలో వచ్చిన ఇనుప డబ్బా అది. వెచ్చటి గదిలో పెట్టగానే ఒళ్లంతా చెమట పట్టింది. లోపలి తడి కూడా ఆరకుండా కరెంటు ఇస్తే ఇదీ పాతదాని దారే పడుతుంది.

"పొయ్యి పక్కన పెడితే పది నిమిషాల్లో ఆరుతుంది కదా వదినా," అన్నాడు మరిది సాగిన్.

"నువ్వింక సలహాలు ఇవ్వకు నాయనా. ఈ డబ్బా తెప్పించింది నీ తెలివే."

నారిన్‌లో వాళ్లుండే వీధి మొత్తం ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి బొగ్గు మానేసి కరెంటు పొయ్యిలకు మారాక, చలికాలం సాయంత్రాల్లో వోల్టేజీ నూట ముప్పైకి పడిపోతోంది. ఉన్న ఒక్క స్టెబిలైజర్ కిందటి నెలే కాలిపోయింది. పెళ్లి వీడియోలు కూర్చి అమ్మే అనార్‌కుల్, పని మధ్యలో ఆగిపోతున్న కంప్యూటర్‌ను మొన్న నానా తిట్లూ తిడుతుంటే సాగిన్‌కి జాలేసింది. పవర్ సప్లై వెనక, ఎంత వోల్టేజీకి పనిచెయ్యాలో చెప్పే ఎర్ర మీటను రెండువందల ముప్పై నుంచి నూట పదిహేనుకి జరిపాడు. గోడలోంచి వచ్చేదే నూట ముప్పై అయినప్పుడు మీట కూడా అక్కడే ఉండాలి గదా అని అతని లెక్క. ఆ వీధిలో అలా లెక్కగట్టింది అతనొక్కడే కాదు. ఆ సాయంత్రం కంప్యూటర్ గుర్రంలా పరిగెత్తింది. మర్నాడు పొద్దున పొయ్యిలు ఆగి వోల్టేజీ మళ్లీ రెండువందల ఇరవైకి వచ్చింది. మీట సంగతి తెలియని అనార్‌కుల్ బటన్ నొక్కింది. టప్‌మని చప్పుడు, పొగ, కాలిన వాసన.

ఆ కంప్యూటర్ డిస్కు మీద కాదిర్‌బాయ్ కొడుకు పెళ్లి వీడియో ఉంది. ఇంకో కాపీ లేదు. అతను ఇవాళ సాయంత్రం ఐదింటికి జీపులో వచ్చి పెళ్లి సినిమా పట్టుకుని ఊరికి పోవాలి. రేపు వియ్యంకులంతా కూర్చుని చూస్తారు. పేలినప్పుడు డిస్కు కూడా పోయిందా, మదర్‌బోర్డు పోయిందా అన్నది కొత్త డబ్బా పెట్టి చూస్తే తప్ప తెలియదు.

పన్నెండు దాటాక అనార్‌కుల్ గోడ ప్లగ్గు పీకింది. లోపల మిగిలిన కరెంటు పోయేలా బటన్ నొక్కి పట్టుకుంది. నేలంతా ఉన్ని జంబుఖానాలు కావడంతో క్యాబినెట్‌ను వంటింటి చెక్క బల్ల మీదికి మోయించింది. ఒంటిమీది ఉన్ని స్వెటర్ కూడా తీసేసింది.

"జలుబు చేస్తుందే," అంది అత్తగారు బాత్మా.

"ఉన్ని రాసుకుంటే సన్నటి కరెంటు చిటపటలాడుతుంది అత్తయ్యా. అది బోర్డుకి తగిలితే నాకు జలుబు కాదు, దివాలానే."

ఒంట్లో మిగిలిన ఆ కరెంటు కూడా పోయేలా క్యాబినెట్ ఇనుము మీద చెయ్యి ఆనించి, పాత డబ్బా తీగలు ఒక్కొక్కటే ఊడదీసింది. సాగిన్ ఆ డబ్బా అందుకుని స్క్రూడ్రైవర్ తీశాడు.

"ఏం చేస్తున్నావ్?"

"లోపల ఏం కాలిందో చూద్దామని."

"కింద పెట్టు. ప్లగ్గు పీకినా దాని కడుపులో కరెంటు దాక్కుని ఉంటుంది. నిన్ను కూడా మార్చాలంటే ఆ సరుకు బజార్లో దొరకదు."

కొత్తదాన్ని ఫ్యాన్ గాలిరంధ్రాల వైపు ఉండేలా లోపలికి తోసింది. నాలుగు స్క్రూల్లో మూడే బిగిశాయి. నాలుగోది జారి బోర్డు కిందికి పోయింది. దాన్ని అక్కడ వదిలేస్తే ఇంకో పొగ. క్యాబినెట్‌ను తలకిందులు చేసి, ఊపి, ఊపి, వేలి కణుపు చీరుకున్నాక అది బయటపడింది. వెడల్పాటి ప్లగ్గును బోర్డులోకి టిక్‌మనేదాకా నొక్కింది. ప్రాసెసర్ పక్కన గుచ్చాల్సిన నాలుగు పిన్నుల తీగ బెత్తెడు తక్కువైంది. అన్నీ విప్పి దాన్ని అడ్డదారిన లాగేసరికి రెండయింది.

కొత్తదాని ఎర్ర మీట రెండువందల ముప్పై మీద ఉందని రెండుసార్లు చూసి, దానిమీద టేపు అంటించింది. ప్లగ్గు పెట్టి బటన్ నొక్కింది. ఫ్యాన్ ఒక చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అంతే.

"బోర్డు పోయిందేమో వదినా."

ఆమె సాకెట్లో వోల్టేజీ మీటర్ గుచ్చి చూసింది. నూట అరవై ఐదు. చలి పెరిగి వీధి అప్పుడే పొయ్యిలు పెట్టేసింది.

"అత్తయ్యా, మన పొయ్యి ఆపాలి."

"పెళ్లి కాదిర్‌బాయ్ కొడుకుది, చలి నాదా?"

"ఔను, ఇవాల్టికి మీదే."

గొణుక్కుంటూ బాత్మా కోటు వేసుకుంది. పొయ్యి ఆపితే మీటర్ నూట ఎనభై ఎనిమిదికి ఎక్కింది. ఈసారి ఫ్యాన్ ఆగలేదు. తెర వెలిగింది. డిస్కు కనబడింది, పెళ్లి ఫైళ్లు కనబడ్డాయి. అనార్‌కుల్ ఊపిరి కూడా తీసుకోకుండా సినిమాను ఫైలుగా మార్చే పని మొదలుపెట్టింది. దానికి నాలుగు గంటలు పడుతుందని తెర మీద చూశాక మళ్లీ తిట్టు నోటిదాకా వచ్చింది.

ఐదింటికి గుమ్మం ముందు జీపు హారన్ మోగింది.

"పో, లోపలికి పిలిచి కూర్చోబెట్టు," అంది సాగిన్‌తో. "టీ ఇవ్వు. గుర్రాల గురించి అడుగు, మొదలెడితే ఆపడు."

"ఎంతసేపు?"

ఆమె తెర వైపు చూసింది. సినిమా అయింది అరవై రెండు శాతం, ఇంకో గంటన్నర పని.