గడప దాటిన చెంబు

శంషాబాద్ దాటాక, ఒక మందుల ఫ్యాక్టరీ వెనకున్న ఊళ్లో ఆ అవ్వ ఉండేది. బోరు నీళ్ల నమూనాల కోసం నేను నెలనెలా వాళ్లింటికి వెళ్లేవాడిని. నన్ను చూడగానే "కూసో బిడ్డా" అని చెంబెడు బోరు నీళ్లతో గడప దాకా వచ్చేది. అక్కడ ఆగి, చెంబులోకి చూసి, వెనక్కి తిరిగేది. ఆ నీళ్లు టీ రంగులో ఉండేవి, మందు వాసన కొట్టేవి. తాగడానికి ఊరికి ట్యాంకర్ వచ్చేది, కానీ ఇంటికొచ్చిన మనిషికి ఆ నీళ్లివ్వడం ఆమెకు నామోషీ.

ఒకరోజు బోరు నీళ్లు శుభ్రపడతాయేమో చూద్దామని, వాటిలో నల్లటి ఇనుప ఖనిజం పొడి, కాస్త పెరాక్సైడ్ కలిపి సీసాను అరుగు మీద పెట్టాను. మధ్యాహ్నానికి రంగంతా పోయింది. అయస్కాంతంతో పొడిని ఒక పక్కకు లాగితే నీళ్లు తేటగా మెరిశాయి. నేను సామాను సర్దేలోపు అవ్వ వాటిని చెంబులోకి ఒంపి, గడప దాటి వచ్చింది. మొహమంతా నవ్వు.

"ఇగ తాగు బిడ్డా."

"వద్దవ్వా, రంగే పోయింది. విషం పోయిందో లేదో ఇంకా పరీక్ష చేయాలి."

"తాగకుంటే మానె. జర కాళ్లన్న కడుక్కో" అంటూ వంగింది.

నేను చప్పున కాళ్లు వెనక్కి లాక్కున్నాను.

చెంబు పట్టుకున్న ఆమె చేతులు మోచేతుల దాకా పుండ్లు పడి ఉన్నాయి. నా చేతులకు ఇంకా గ్లవ్స్ ఉన్నాయి. ఆమె రెండూ చూసింది. పైన దిగుతున్న విమానం మోత తగ్గేదాకా ఆగి, "మేం గా బోరు నీళ్లతోనే తానం చేస్తం బిడ్డా" అంది.

ఆ తర్వాత కూడా వెళ్లినప్పుడల్లా కూర్చోమనేది. చెంబు కోసం మాత్రం లేవలేదు.