పక్కింటావిడ ఇంటిపేరు

ఎనభైల చివర్లో, ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో మా పక్కింటి ఇంగ్లీషావిడ తన ఇంటిపేరు గురించి తెగ గొప్పలు చెప్పేది. ఇంగ్లండ్‌లో అదొక చిన్న ఊరి పేరట. వాగు పక్క చిత్తడి నేల అని అర్థమట. డార్విన్ ఫోన్ బుక్కంతా వెతికినా ఆ పేరు తమదొక్కటేనట.

ఒక వానాకాలం సాయంత్రం టీకి పిలిచి, కూతురి పెళ్లి కుదిరిందని చెప్పింది. పెళ్లికొడుకుది వేరే ఊరే అయినా, అదే ఇంటిపేరు. "మా అమ్మాయికి పేరు మార్చుకునే పని కూడా లేదు" అని మురిసిపోయింది.

కొరికిన కేకు ముక్క ప్లేట్లో పెట్టేశాను. ఒకే ఇంటిపేరంటే మాలో అన్నాచెల్లెళ్లే. అంత ఘోరం వింటూ కేకు తింటూ ఎలా కూర్చోను? "ఆంటీ, వాళ్లది ఒకే రక్తమేమో, ఒకసారి కనుక్కోండి" అన్నాను.

ఆవిడ నవ్వింది. "ఆ ఊరు వదిలొచ్చిన ప్రతివాడినీ ఆ పేరుతోనే పిలిచారు. చుట్టరికమేం లేదు. మరి మీ ఆయన ఇంటిపేరు వేరా?"

"వేరే. మా అమ్మ సొంత అన్నయ్య కొడుకు" అన్నాను ధీమాగా.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. చూపు మెల్లగా నా ఆరోనెల కడుపు మీదికి దిగింది. లోపల బిడ్డ కదిలేదాకా నాకు ఊపిరాడలేదు.